షెల్టర్ నుంచి తెచ్చిన కుక్క మంచం కింద నుంచి రావడం లేదా?

మీరు రాసినది రెండుసార్లు చదివాను. విశాఖపట్నం మధురవాడలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తు. ఇంట్లో మీరు, మీవారు, మామయ్యగారు, ఎనిమిదేళ్ల బాబు. షెల్టర్ నుంచి ఏడాది వయసున్న దేశీ ఆడకుక్కను తెచ్చి ఆరు రోజులైంది, సిరి అని పేరు పెట్టారు. పగలంతా మంచం కింద దాక్కుంటోంది. హాల్లోనే మూత్రం పోస్తోంది. అన్నం గిన్నె దగ్గరికి వెళ్లిన మామయ్యగారిని చూసి గుర్రుమంది. మీరు తలుపు వేసి బయటికి వెళ్తే ఏడుస్తోంది. శిక్షణ ఎప్పుడు మొదలుపెట్టాలి, లేక తిరిగి ఇచ్చేయడమే మంచిదా అని అడిగారు.

ఈ ఊళ్లో నేను చాలా ఏళ్లుగా వీధి నుంచి, షెల్టర్ల నుంచి వచ్చిన కుక్కలను కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచుకుని, ఇంటి జీవితం అలవాటు చేసి, పెంచుకునేవాళ్లకు అప్పగిస్తున్నాను. మీరు చెప్పిన నాలుగు సంగతుల్లో ఒక్కటి కూడా మొండితనం కాదు, చాలావరకు భయం వల్లే. భయపడుతున్న కుక్కకు ఏదీ తలకెక్కదు. కాబట్టి ఈ రెండు వారాలు శిక్షణ మాట పక్కన పెట్టండి. రోజులో తర్వాత ఏం జరగబోతోందో దానికి ముందుగా తెలిసేలా చేయడమే ఇప్పుడు మీ పని. లేవడం, బయటికి వెళ్లడం, తినడం, పడుకోవడం, అన్నీ రోజూ ఒకే వేళకు, ఒకే క్రమంలో జరగాలి. కుక్కలు పెంచేవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనే ధీమా. అది అంచనా మాత్రమే. వీధిలో దెబ్బలు తిన్న కుక్కకు ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. మీకు ఆరో రోజే. ఇంకా ఏదీ చెడిపోలేదు.

అన్నిటికంటే ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. హాల్లో మూత్రం అలవాటు లేకపోవడం వల్లే కావచ్చు. కానీ కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పోస్తూ, ముక్కుతూ ఉంటే మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు, ఆడకుక్కల్లో ఇది మామూలే. రేబిస్ టీకా, మిగతా టీకాల కార్డు షెల్టర్ వాళ్లు ఇచ్చారో లేదో చూసుకోండి. కార్డు లేకపోతే టీకా వేయలేదనే అనుకుని వైద్యుడితో మొదటి నుంచి వేయించండి. చెవి అంచున చిన్న గాటు ఉంటే పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స అయిందని గుర్తు. పిడుదులు, అంటే గోమార్లు, ఉన్నాయేమో చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, మెడ పట్టీ కింద చూడండి. మన సముద్రతీరపు తేమలో ఇవి ఏడాది పొడవునా వదలవు. వీటి వల్ల వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, నీరసించిపోతుంది. ‘ఇంకా బెదురు పోలేదు’ అని మనం అనుకుంటున్నంతలో జబ్బు ముదిరిపోతుంది. పిడుదులకు కిరసనాయిలు, గజ్జికి వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. చర్మం కాలుతుంది, నాకితే లోపలికి వెళ్లి విషమవుతుంది. మనుషుల జ్వరం మాత్రలు కూడా వేయకండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క ప్రాణం మీదికి తెస్తాయి.

ఇక మంచం కింద చోటు. అది దానికే వదిలేయండి. పాత దుప్పటి ఒకటి అక్కడ పరిచి, నీళ్ల గిన్నె దగ్గరలో పెట్టండి. ఎవరూ లాగకూడదు, చెయ్యి పెట్టకూడదు, వంగి తొంగి చూడకూడదు. మీ బాబుకు ఇది గట్టిగా చెప్పాలి. కుక్క తన చోటులో ఉంటే మనం పిలవం, ముట్టుకోం. ఆ గదిలోనే నేల మీద పక్కకు తిరిగి కూర్చుని ఏదైనా చదువుకోండి, మధ్యమధ్య ఉడికించిన చికెన్ ముక్క ఒకటి దాని వైపు విసరండి. కళ్లలోకి సూటిగా చూడకండి. అది వచ్చి మీ చేతి వాసన చూసినా వెంటనే తల మీద చెయ్యి వేయకండి. పైనుంచి దిగే చెయ్యి వీధికుక్కకు దెబ్బ కిందే లెక్క. మెడ పక్కన, ఛాతీ దగ్గర కొద్దిగా గోకి, ఆపి చూడండి. ఇంకా కావాలంటే దగ్గరికి జరుగుతుంది. పక్కకు తిరిగితే చాలన్నమాట. ఊరికే ఆవలించడం, ఏమీ లేకున్నా మూతి నాక్కోవడం, తల తిప్పి కనుగుడ్డు తెల్లభాగం కనబడేలా ఓరగా చూడటం, తోక కాళ్ల మధ్యకు పోవడం, ఇవన్నీ ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అని చెప్పడమే. ఇంట్లో అందరూ వీటిని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం ప్రమాదాలు జరగవు.

చుట్టాలు, బాబు స్నేహితులు చూడటానికి వస్తామంటే రెండు వారాలు ఆగమనండి. వాసన వస్తోందని స్నానం చేయించాలనిపిస్తుంది, అదీ ఆగవచ్చు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

తిండి విషయంలో షెల్టర్‌లో ఏం పెట్టేవారో అడిగి మొదటి వారం అదే పెట్టండి. చికెన్ కలిపిన అన్నం తిన్న కుక్కకు ఒక్కసారిగా ఖరీదైన గుళికల మేత పెడితే విరేచనాలు పట్టుకుంటాయి, ఇంట్లో ఇంకా ఇబ్బంది. మార్చాలనుకుంటే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. ఏడాది కుక్కకు రోజుకు రెండు పూటలు చాలు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేని వంట దానికి వేరుగా ఉండాలి. మన కూర మిగిలిందని కలిపి పెట్టవద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలే వద్దు. ప్రసాదం చేతిలో పట్టుకుని తిరిగే పిల్లలున్న ఇంట్లో కిస్‌మిస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉడికిన ఎముకలు చీలికలుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి, అవీ వద్దు. పెట్టిన గిన్నె ఇరవై నిమిషాలు ఉంచి, తినకపోతే తీసేయండి. కొత్తలో ఒక పూట మానేసినా కంగారు అక్కర్లేదు. ఒక రోజు దాటినా ముట్టకపోయినా, వాంతులు అవుతున్నా వైద్యుడికి చూపించాలి.

గుర్రుమన్న సంగతికి వస్తే, మామయ్యగారు ‘ఇప్పుడే భయం చెప్పకపోతే నెత్తికెక్కుతుంది’ అన్నారని రాశారు. పెద్దవారి మాటను తీసిపారేయడం కాదు కానీ, ఈ ఒక్క విషయంలో వారు ఆగాలి. గుర్రుమనడం ఒక హెచ్చరిక. ఆ హెచ్చరికకు దెబ్బ పడితే కుక్క హెచ్చరించడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఒకరోజు చప్పుడు లేకుండా కరుస్తుంది. వీధిలో దొరికిన ముద్దను పది కుక్కల నుంచి కాపాడుకున్న ప్రాణికి, గిన్నె వైపు నడిచి వచ్చే కాళ్లు దొంగ కాళ్లే. దాని లెక్కను మనం మార్చాలి. తినేటప్పుడు దాన్ని ఒక మూల ఒంటరిగా వదిలేయండి. నాలుగు రోజులు పోయాక, అది నిశ్చింతగా తినగలిగినంత దూరం నుంచి నడుస్తూ గిన్నె కంటే రుచైన ముక్క, ఉడికించిన కోడి కాలేయం లాంటిది, దాని వైపు విసిరి ఆగకుండా వెళ్లిపోండి. రోజులు గడిచేకొద్దీ ఆ దూరం తగ్గించండి. అది తింటూ తల ఎత్తి, ఒళ్లు వదులుగా తోక ఊపుతూ మీ వైపు చూసే రోజు వస్తుంది. అప్పుడు మామయ్యగారి చేత విసిరించండి. ఒళ్లు బిగుసుకుంటే, తినడం వేగం పెంచితే మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం, వెనక్కి జరగండి. గిన్నె లాక్కుని చూసి ‘అలవాటు చేయడం’ అనే పద్ధతి చాలామంది చెబుతారు, దానివల్ల గుర్రుమనని కుక్కకు కూడా గుర్రుమనడం వస్తుంది. మీ బాబు మాత్రం ఈ అభ్యాసంలో వద్దు. తినే కుక్క దగ్గరికి పిల్లలు వెళ్లకూడదన్న నియమం కుక్క ఎంత మంచిదైనా ఎప్పటికీ ఉండాలి.

ఒకవేళ పన్ను గానీ గోరు గానీ తగిలి చర్మం గీరుకుపోతే, టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. కుక్కను పది రోజులు గమనిస్తారు కానీ, మొదటి డోసు ఆ పది రోజుల కోసం ఆగదు. పసుపు, కారం, సున్నం పూయడం వద్దు.

మూత్రం అలవాటు మీరనుకున్నంత కష్టం కాదు. సిరి ఇంతవరకు గచ్చు నేల మీద బతకలేదు, మట్టి, గడ్డి, ఇసుకే దానికి తెలుసు. పొద్దున లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, కునుకు తీసి లేచిన వెంటనే, రాత్రి పడుకునే ముందు, మధ్యలో మూడు నాలుగు గంటలకోసారి, సెల్లారు పక్కన మట్టి ఉన్న ఒకే చోటుకు తీసుకువెళ్లండి. ఆ చోట నిలబడి ఓపిగ్గా ఉండండి, మాటలు వద్దు. పని కాగానే, అక్కడే, ఆ క్షణంలోనే ముక్క పెట్టి మెచ్చుకోండి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ఇంట్లో పోస్తే ముక్కు రాయడం, కాగితం చుట్టి కొట్టడం వల్ల మీరు చూడని చోట పోయడం నేర్చుకుంటుందే తప్ప మానదు. తుడిచేటప్పుడు అమ్మోనియా ఉన్నవి వాడకండి, ఆ వాసన దానికి మూత్రంలాగే తోచి మళ్లీ అక్కడికే వస్తుంది. నల్ల ఫినాయిల్ పాదాలకు అంటితే నాకుతుంది, అదీ మంచిది కాదు. పెంపుడు జంతువుల మరకల కోసం అమ్మే ఎంజైమ్ ద్రావణం దొరికితే మేలు, లేకపోతే ముందు నీళ్లతో, తర్వాత పలచని వెనిగర్‌తో తుడవండి.

బయటికి తీసే ముందు ఒక్కటి తప్పనిసరి. మెడ పట్టీ ఒక్కదాన్ని నమ్మకండి. బెదిరిన కుక్క వెనక్కి గుంజితే తల జారి బయటికి వస్తుంది, ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కొత్తగా వచ్చిన కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది తొలి వారాల్లోనే. ఛాతీకి కట్టే హార్నెస్, మెడ పట్టీ, రెండూ ఉండాలి, తాడు రెండింటికీ తగిలించాలి. పట్టీకి మీ ఫోను నంబరు చెక్కిన బిళ్ల ఉండాలి. గొంతు బిగుసుకునే చోక్ చైన్ వద్దు. బాల్కనీ గ్రిల్ సందులు దాని తల పట్టేంత ఉన్నాయేమో చూడండి. కొరియర్ వచ్చినప్పుడు ముందు కుక్కను గదిలో పెట్టి, తర్వాతే తలుపు తీయండి. లిఫ్టులో బిగుసుకుపోతే మెట్లే వాడండి. మూడంతస్తులే కదా, కొన్నాళ్లకు లిఫ్టు కూడా ముక్క ఆశ చూపి అలవాటు చేయవచ్చు.

మీ వీధిలో ఉన్న కుక్కల గుంపు గురించి అడిగారు. కొత్త కుక్క వాసన వస్తే అవి మొరగడం సహజం, అది వాటి హద్దు. వాటికి అన్నం పెట్టే వేళలు వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకుని, ఆ వేళలు తప్పించండి. ఎదురైతే పరుగు తీయకండి, సిరిని ఎత్తుకోకండి, మీరు మధ్యలో ఉండేలా మళ్లి నింపాదిగా వెనక్కి నడవండి. మొదట్లో ఇద్దరు వెళ్తే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో తారు రోడ్డు మీద మీ అరచేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. మన ఉక్కపోతలో కుక్కకు వగర్చినా ఒళ్లు త్వరగా చల్లబడదు, అందుకే నడక పొద్దున ఆరు గంటల లోపు, లేదా పొద్దుగూకాక.

బీచ్‌కు తీసుకువెళ్లాలని మీ బాబు ఆశపడుతున్నాడని రాశారు. తప్పకుండా వెళ్లండి, కానీ మొదటి నెలలో కాదు. వెళ్లినప్పుడు రుషికొండ, సాగర్‌నగర్ వైపు జనం పలచగా ఉండే తెల్లవారుజామున, పొడవైన తాడుతో వెళ్లండి. వెంట మంచినీళ్లు ఉండాలి, ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు అవుతాయి. వలల్లోంచి ఏరి పారేసిన చేపలు ఇసుక మీద పడి ఉంటాయి, అందులో బంతిలా ఉబ్బే చేప చాలా విషం. తెగిపోయిన గాలాలు కూడా ఉంటాయి. ‘వదులు’ అంటే నోట్లోది వదిలేయడం నేర్చుకున్నాకే తాడు కాస్త వదులు చేయండి. అలల్లోకి మాత్రం దించవద్దు, మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఈత వచ్చిన మనుషులనే వదలవు.

ఈ ఊరి చప్పుళ్లకు కూడా ముందే సిద్ధపడాలి. దీపావళి అందరికీ తెలిసిందే. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం చుట్టుపక్కల ఆర్కే బీచ్‌లో విన్యాసాలు ఉన్న ఏడాది, రిహార్సళ్ల రోజుల నుంచే యుద్ధవిమానాలు, హెలికాప్టర్లు నగరం మీదుగా తిరుగుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను గాలులు సరేసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ నగరంలో ఉన్నవాళ్లకు ఆ గాలి హోరు ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. అలాంటి రోజుల్లో నడక ముందే ముగించి, కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ చప్పుడు పెట్టి, మంచం కింద చోటు దానికి అందుబాటులో ఉంచండి. భయపడి మీ ఒళ్లోకి వస్తే దగ్గరికి తీసుకోండి. ఓదారిస్తే భయం ఎక్కువవుతుందనే మాట నిజం కాదు. వణుకు, చొంగ, గోడలు గీరడం ఉంటే వచ్చే దీపావళికి వారం ముందే వైద్యుడిని అడగండి, మందులున్నాయి.

ఒంటరిగా ఉంటే ఏడవడం గురించి. ఇల్లంతా కలిసి ఒక్కసారిగా వెళ్లిపోవడం మానండి. మామయ్యగారు ఇంట్లో ఉండటం మీకు పెద్ద వరం. తాళాలు తీసుకుని తలుపు దాకా వెళ్లి మళ్లీ కూర్చోండి. తర్వాత బయట ఒక నిమిషం, ఇంకోసారి మూడు నిమిషాలు, ఏడుపు మొదలయ్యేలోపే తిరిగి రండి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు హడావిడి చేయకండి. నమిలే వస్తువు ఒకటి మీరు వెళ్లేటప్పుడు మాత్రమే ఇవ్వండి. బాత్‌రూములో పెట్టి గడియ వేయడం, బాల్కనీలో కట్టేయడం ఏడుపు తగ్గించవు. ఎండలో బాల్కనీ ప్రాణాంతకం కూడా. పక్క ఫ్లాటు వాళ్లకు మీరే ముందుగా వెళ్లి రెండు మూడు వారాలు ఓర్చుకోమని చెప్పండి. అసోసియేషన్ వాళ్లు కుక్కను పెంచకూడదని అంటే, అలా నిషేధించే అధికారం వారికి లేదని, లిఫ్టు వాడుకోనివ్వకపోవడం కూడా కుదరదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. కానీ ఆ కాగితం చూపించే అవసరం రాకుండా, మలం మీరే తీసి పారేస్తూ ఉండటం మంచి మార్గం.

రెండు వారాలు గడిచి సిరి తనంతట తాను హాల్లోకి రావడం మొదలైతే అప్పుడు పాఠాలు. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలు. మొదటి పాఠం పేరు. ‘సిరీ’ అనగానే మీ వైపు చూస్తే ముక్క. రెండోది ‘రా’. తిట్టడానికి, స్నానానికి, మందు వేయడానికి ఎప్పుడూ ‘రా’ అని పిలవకండి, మీరే వెళ్లండి. మూడోది ‘ఆగు’, ఇది మీ దేవుడి గది గడప దగ్గర నేర్పండి. కుక్క అక్కడికి రాకూడదని మామయ్యగారికి పట్టింపు ఉందన్నారు కదా, గడప ఇవతల నిలబడిన ప్రతిసారీ ముక్క ఇస్తే అది దానికి ఇష్టమైన చోటు అవుతుంది. నలుగురూ ఒకే మాట, ఒకే నియమం పాటించాలి. ఒకరు సోఫా ఎక్కించి, ఇంకొకరు తోసేస్తే అది నేర్చుకునేది మనుషులు నమ్మదగినవాళ్లు కారని.

గాజువాకలో మీ చెల్లెలు తెచ్చుకున్న రెండు నెలల కుక్కపిల్లకు లెక్క కొంచెం వేరు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే టీకాలు పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి పడాలి, రేబిస్ మూడు నెలలకు. అవి పూర్తయ్యేదాకా వీధి నేల మీద దించకూడదు. పార్వో అనే వైరస్ సోకిన పిల్ల వాంతులు, నెత్తుటి విరేచనాలతో ఒకటి రెండు రోజుల్లోనే పోవచ్చు. అలాంటిది కనిపిస్తే రాత్రయినా వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. అయితే పద్నాలుగు వారాల లోపు చూసిన లోకమే దానికి జీవితాంతం మామూలుగా అనిపిస్తుంది కాబట్టి, ఇంట్లో దాచిపెట్టకుండా చేతుల్లో ఎత్తుకుని బస్సులు, గొడుగులు, హెల్మెట్లు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు అన్నీ చూపించాలి. ఆవుపాలు పోసి పెంచడం వద్దు, చాలా పిల్లలకు అరగవు. చేతులు కొరికితే ఆట ఆపి లేచి వెళ్లిపోవడం, నమిలే బొమ్మ అందించడం, అంతే.

తిరిగి ఇచ్చేయాలా అన్న ప్రశ్న. ఇప్పుడు కాదు. ఆరు రోజులు ఏ కుక్క స్వభావమూ తెలియని కాలం. మళ్లీ చోటు మారితే ఈ బెదురంతా కొత్తగా మొదలవుతుంది. బాబు మీద పళ్లు వేసేదాకా వస్తే, లేదా రెండు మూడు నెలల తర్వాత కూడా ఇంట్లో ఎవరో ఒకరు భయంతో బతుకుతుంటే, షెల్టర్‌కు దాచకుండా అంతా చెప్పి, పిల్లలు లేని ఇల్లు చూడమని అడగండి. అందులో తప్పు లేదు. అప్పటిదాకా ఒక నోటుపుస్తకంలో రోజూ ఎప్పుడు తిన్నది, ఎప్పుడు ఎక్కడ మూత్రం పోసింది, దేనికి బెదిరింది, ఎవరి మీద, ఎంత దూరంలో గుర్రుమంది రాయండి. వైద్యుడికైనా, శిక్షకుడికైనా అది చాలా ఉపయోగపడుతుంది. శిక్షకుడిని పెట్టుకుంటే డబ్బు మాట్లాడే ముందు ఒక్కటే అడగండి, ‘కుక్క మాట వినకపోతే మీరేం చేస్తారు?’ అని. జవాబులో కర్ర, కరెంటు పట్టీ, తిండి మాన్పించడం ఉన్నా, మీరు చూడకుండా కుక్కను నెల రోజులు తన దగ్గర వదిలేయమన్నా, ఇంకొకరిని వెతకండి.